తెగిన నరం ఎక్కడ తిరిగి పెరుగుతుంది, ఎక్కడ ఆగిపోతుంది?

సంక్షిప్తంగా: చేతులు, కాళ్లలోని నరాలు దెబ్బతింటే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరుగుతాయి. మెదడులో, వెన్నుపాములో దాదాపు పెరగవు. నాడీకణం ప్రధాన భాగమైన కణదేహం బతికుందా, పాత దారి మిగిలిందా, గమ్యం ఎంత దూరం, అక్కడి కండరం ఎన్నాళ్లు ఆగగలదు అన్న నాలుగు విషయాలను బట్టే కోలుకోవడం ఉంటుంది. జీబీఎస్ (రోగనిరోధక వ్యవస్థ పొరబడి నరాల మీద దాడి చేసే గిలాన్ బారీ సిండ్రోమ్), బైక్ ప్రమాదాలు, షుగర్ తిమ్మిర్లు, పురుగుమందుల ప్రభావం పైకి ఒకేలా కనిపించినా లోపల జరిగేవి వేర్వేరు.

2025 జనవరిలో పుణెలో గిలాన్ బారీ సిండ్రోమ్ కేసులు ఒక్కసారిగా పెరిగాయి. ఫిబ్రవరి వచ్చేసరికి గుంటూరు సర్వజనాసుపత్రి పేరు కూడా ఆ వార్తల్లో కనిపించింది. ఈ జబ్బుతో కాళ్లలో పట్టు తప్పి మంచాన పడ్డవాళ్లలో కొందరు నెలా రెండు నెలల్లో లేచి నడుస్తారు. ఇంకొందరికి ఏడాది గడిచినా కర్ర సాయం కావాలి. జబ్బు ఒకటే, ఇచ్చే మందూ ఒకటే. ఇంత తేడా ఎందుకన్నది చాలామందికి అర్థం కాలేదు.

జాతీయ రహదారి 16 మీద బైక్ మీంచి పడి చెయ్యి చచ్చుబడిన కుర్రాడి ఇంట్లోనూ, ఇరవై ఏళ్ల షుగర్‌తో అరికాళ్లు మండి నిద్రపట్టని పెద్దాయన ఇంట్లోనూ ఉండేది ఇలాంటి అయోమయమే. గుంటూరు కొత్తపేటలో, విజయవాడ సూర్యారావుపేటలో న్యూరాలజీ ఓపీల బయట కూర్చున్నవాళ్లు వీటన్నిటినీ కలిపి నరాల బలహీనత అంటుంటారు. పక్కనే ఉన్న మందుల షాపులో అందరికీ దొరికేది కూడా దాదాపు ఒకే రకం విటమిన్ బిళ్లలు. కణం స్థాయిలో చూస్తే మాత్రం ఒక చోట తొడుగు ఊడింది, ఒక చోట తీగ తెగింది, ఇంకో చోట నరం వేరుతో సహా ఊడి వచ్చింది. ఏది జరిగిందో తెలిస్తే ఎన్నాళ్లు పడుతుందన్నది చాలావరకు లెక్కగట్టవచ్చు.

విజయవాడలో కణం, గుంటూరులో దాని కొస

నాడీకణానికి ఒక కణదేహం ఉంటుంది. అందులోనే కేంద్రకం, జన్యువులు, ప్రోటీన్లు తయారయ్యే ఏర్పాట్లు ఉంటాయి. దాని నుంచి బయటికి సాగే పొడవాటి పోగు ఆక్సాన్. మనం నరం అని పిలిచేది ఇలాంటి వేల ఆక్సాన్ల కట్ట. కాలి వేళ్లను కదిలించే నాడీకణం కణదేహం వెన్నుపాము చివరి భాగంలో ఉంటుంది. దాని వ్యాసం మిల్లీమీటరులో పదో వంతుకు మించదు. ఆక్సాన్ మాత్రం నడుము నుంచి పాదం దాకా దాదాపు మీటరు పొడవు. ఆ కణదేహాన్ని పదడుగుల గదంత పెంచి విజయవాడలో పెడితే, అదే లెక్కన దాని ఆక్సాన్ గుంటూరు దాకా వచ్చేస్తుంది.

ఆ కొసన కావాల్సిన సరుకులో చాలా భాగం కణదేహంలోనే తయారై రావాలి. అందుకోసం ఆక్సాన్ లోపల మైక్రోట్యూబ్యూల్ అనే సన్నని గొట్టాలు పట్టాల్లా పరుచుకుని ఉంటాయి. వాటి మీద కైనెసిన్ అనే ప్రోటీన్ సరుకును కొస వైపు మోస్తుంది, డైనీన్ తిరుగు దారిలో కణదేహం వైపు తెస్తుంది. కైనెసిన్‌ను 1985లో స్క్విడ్ అనే సముద్ర జీవి లావుపాటి ఆక్సాన్ సాయంతో గుర్తించారు. ఈ రవాణాలో రెండు వేగాలున్నాయి. చిన్న సంచుల్లో కట్టిన సరుకు, మైటోకాండ్రియా లాంటివి వేగంగా కదులుతాయి. సంచుల వేగం రోజుకు 200 నుంచి 400 మిల్లీమీటర్లు, అంటే నడుము నుంచి పాదానికి మూడు నుంచి అయిదు రోజులు. ఆక్సాన్ అస్థిపంజరం లాంటి ట్యూబులిన్, న్యూరోఫిలమెంట్లు మాత్రం రోజుకు ఒక మిల్లీమీటరు అటూ ఇటూగా జరుగుతాయి. తెగిన నరం పెరిగే వేగం కూడా ఇంచుమించు అంతే. కొత్త ఆక్సాన్ కట్టడానికి కావాల్సిన సామగ్రి ఏ వేగంతో వస్తుందో కట్టడమూ ఆ వేగంతోనే సాగుతుందని దీన్ని అర్థం చేసుకుంటారు.

ఇంత పొడవున్న కణానికి కొస భాగమే ముందుగా ఇబ్బంది పడుతుంది. షుగర్ తిమ్మిర్లు పాదాల నుంచే ఎందుకు మొదలవుతాయన్న దానికి సమాధానం ఇక్కడే ఉంది.

తెగిన తర్వాత మొదటి వారం

ఆగస్టస్ వాలర్ 1850లో కప్ప నాలుకకు వెళ్లే నరాలను కోసి, ఆ తర్వాత రోజుల్లో ఏం జరుగుతుందో సూక్ష్మదర్శినిలో చూశాడు. కణదేహం వైపు మిగిలిన ముక్క నిలబడింది. అవతలి ముక్క ముక్కలుముక్కలై పోయింది. దీన్ని ఇప్పటికీ వాలర్ పేరుతోనే వాలేరియన్ క్షీణత అంటారు. కణదేహం నుంచి సరుకు రాక ఆక్సాన్ ఆకలితో ఎండిపోయిందని వందేళ్లకు పైగా అందరూ అనుకున్నారు.

1989లో ఒక విచిత్రమైన ఎలుక జాతి ఈ నమ్మకాన్ని తలకిందులు చేసింది. వాటిలో నరం తెగినా అవతలి ముక్క రెండు వారాల దాకా చెక్కుచెదరలేదు. మామూలు ఎలుకల్లో ఒకటి రెండు రోజుల్లోనే అది చెదిరిపోతుంది. సరుకు రెండింటికీ ఆగిపోయింది కాబట్టి, చావుకు కారణం ఆకలి ఒక్కటే కాదని తేలింది. ఆక్సాన్ తనను తానే కూల్చుకునే ఏర్పాటు లోపల ఉంది. 2012లో ఆ ఏర్పాటుకు కీలకమైన సార్మ్1 అనే ప్రోటీన్ బయటపడింది. కణానికి శక్తి మార్పిడిలో తప్పనిసరైన ఎన్ఏడీ అనే అణువును సార్మ్1 విరగ్గొడుతుందని 2017లో తేలింది. మామూలు రోజుల్లో ఎన్‌మ్నాట్2 అనే ఎంజైమ్ దాన్ని అదుపులో ఉంచుతుంది. ఈ ఎంజైమ్ ఆయుష్షు కొన్ని గంటలే. కణదేహం నుంచి ఎప్పటికప్పుడు కొత్తది రావాలి. తీగ తెగగానే రావడం ఆగిపోతుంది, సార్మ్1కు పగ్గం ఊడుతుంది, ఎన్ఏడీ ఖర్చయిపోతుంది, ఆక్సాన్ కూలిపోతుంది.

ఇది పరిశోధనశాల ముచ్చట మాత్రమే కాదు. కీమోథెరపీ మందులు నరాలను దెబ్బతీసే తీరులోనూ సార్మ్1 పాత్ర ఎలుకల్లో రుజువైంది. అందుకే దాన్ని ఆపే మందుల కోసం కంపెనీలు పోటీ పడుతున్నాయి.

రోగుల్ని తికమకపెట్టే ఒక విషయం కూడా దీంతో తేలుతుంది. ప్రమాదం జరిగిన రెండో రోజే నరాల పరీక్ష చేయిస్తే, చెయ్యి పూర్తిగా పడిపోయి ఉన్నా తెగిన చోటుకు దిగువన కరెంటు పాస్ అవుతున్నట్టే రిపోర్టు వస్తుంది. అది యంత్రం తప్పు కాదు. అవతలి ముక్క ఇంకా కూలలేదంతే. కదలిక నరాల్లో అది పూర్తిగా మూగబోవడానికి దాదాపు వారం, స్పర్శ నరాల్లో పది రోజుల పైన పడుతుంది. సూది పెట్టి కండరాన్ని చూసే ఈఎంజీలో తేడా స్పష్టం కావడానికి రెండు మూడు వారాలు కావాలి. మళ్లీ మూడు వారాల తర్వాత రమ్మని డాక్టర్లు చెప్పేది అందుకే. మొదటి రిపోర్టు బాగుందని ఇంటికెళ్లి ఊరుకుంటే విలువైన సమయం పోతుంది.

రోజుకు ఒక మిల్లీమీటరు

కూలిన ఆక్సాన్ చుట్టూ ఉండేవి ష్వాన్ కణాలు. మామూలుగా ఇవి ఆక్సాన్ చుట్టూ మైలిన్ అనే కొవ్వు తొడుగు చుడతాయి. ఆక్సాన్ పోయిందని తెలియగానే తమ పనే మార్చుకుంటాయి. సీ-జున్ అనే ప్రోటీన్ ఆధ్వర్యంలో వేరే జన్యువులు పనిలోకి దిగుతాయి. పాత మైలిన్‌ను అవి కొంత తినేస్తాయి, మిగతాది మాక్రోఫాజ్‌లనే శుభ్రం చేసే రక్షక కణాలను పిలిపించి తినిపిస్తాయి. ఆ తర్వాత పొడవుగా సాగి, పాత దారి పొడవునా వరుస కట్టి నిలబడతాయి. వాటి చుట్టూ ఉండే సన్నని పొర గొట్టంలా మిగిలే ఉంటుంది. కణదేహం వైపు ముక్క నుంచి కొత్త మొలక బయల్దేరి ఆ గొట్టంలో దూరితే చాలు, దారి దొరికినట్టే.

కాబట్టి గాయం రకాన్ని బట్టి ఫలితం మారుతుంది. 1943లో సెడన్ అనే సర్జన్ చేసిన విభజన ఇప్పటికీ వాడుకలో ఉంది. నరం నొక్కుకుపోయి తాత్కాలికంగా మూగబోతే వారాల్లో తిరిగొస్తుంది. ఆక్సాన్ తెగినా గొట్టం మిగిలితే నెమ్మదిగా, కానీ సరైన చోటికే పెరుగుతుంది. నరం పూర్తిగా రెండు ముక్కలైతే మొలకలు దారి తప్పుతాయి. కుట్టు వేయకపోతే అక్కడే ముద్ద కట్టి నొప్పి పుట్టిస్తాయి కూడా.

మొలక ఎంత దూరం వచ్చిందో తెలుసుకోవడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. డాక్టరు వేలితో నరం దారి వెంబడి తడుతూ వస్తారు. ఒక చోట తట్టగానే రోగికి అరచేతిలోకి జిల్లుమని కరెంటు పాకినట్టు అనిపిస్తుంది. మొలక కొస అప్పటికి అక్కడుందన్నమాట, ఎందుకంటే మైలిన్ ఇంకా పట్టని కొత్త ఆక్సాన్ చిన్న తాకిడికే స్పందిస్తుంది. నెల తర్వాత తడితే ఆ జిల్లు మూడు సెంటీమీటర్లు కిందికి జరిగి ఉండాలి. జరగకపోతే మొలక ఎక్కడో చిక్కుకుందని అనుమానించాలి. 1915లో, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో దీన్ని వివరించిన టినెల్ పేరే ఈ పరీక్షకూ ఉంది.

ఇక లెక్క. మణికట్టు దగ్గర తెగితే అరచేతి కండరాలకు పది సెంటీమీటర్లు, అంటే మూడు నాలుగు నెలలు. మెడ దగ్గర తెగితే పైచేతి ముందు కండరానికి, అంటే బైసెప్స్‌కు, సుమారు పాతిక సెంటీమీటర్లు, తొమ్మిది నెలలు. అదే గాయం నుంచి అరచేతి చిన్న కండరాలకు 70 సెంటీమీటర్ల దాకా, రెండేళ్లు.

అవతల కండరానికి అంత ఓపిక లేదు. నరం నుంచి సంకేతం ఆగిన కండరం నెలల్లో సన్నబడుతుంది. ఏడాది నుంచి ఏడాదిన్నర దాటితే నరం కొస అతుక్కునే చోటు పాడవుతుంది, కండరం స్థానంలో పీచు, కొవ్వు చేరతాయి. అప్పుడు నరం వచ్చినా కదలిక రాదు. పైగా ఆక్సాన్ లేకుండా నెలల తరబడి ఎదురుచూసిన ష్వాన్ కణాలు కూడా క్రమంగా సాయం చేసే గుణాన్ని పోగొట్టుకుంటాయి. మెడ దగ్గరి గాయాల్లో భుజం, మోచెయ్యి తిరిగొచ్చి వేళ్లు మాత్రం రాకపోవడానికి ఈ రెండు గడియారాల మధ్య పోటీయే కారణం.

బైక్ ప్రమాదాల్లో ఎక్కువగా కనిపించేది బ్రాకియల్ ప్లెక్సస్ గాయం. తల ఒక వైపుకి, భుజం రెండో వైపుకి విసురుగా లాగబడితే మెడ నుంచి చేతికి వచ్చే అయిదు నరాల మూలాలు (వేర్లు) సాగుతాయి, తెగుతాయి, ఒక్కోసారి వెన్నుపాము నుంచే ఊడివస్తాయి. హెల్మెట్ తలను కాపాడుతుంది, ఈ వేర్లను కాపాడలేదు. ఊడివచ్చిన చోట కుట్టడానికి ఏమీ ఉండదు. అందుకే సర్జన్లు పక్కదారి కనిపెట్టారు. బాగా పనిచేస్తున్న నరంలోంచి ఒక పాయను తీసి, పడిపోయిన కండరానికి దగ్గర్లోనే అతుకుతారు. 1994లో ఓబెర్లిన్ బృందం ప్రచురించిన పద్ధతిలో, చేతి నరమైన అల్నార్ నుంచి ఒక పాయను బైసెప్స్ నరానికి కలుపుతారు. దూరం పాతిక సెంటీమీటర్ల నుంచి కొద్ది సెంటీమీటర్లకు తగ్గిపోతుంది, కండరం పాడయ్యేలోపే నరం చేరుతుంది. ఇలాంటి ఆపరేషన్లు మూడు నుంచి ఆరు నెలల మధ్య జరిగితే ఫలితం మెరుగు. రెండేళ్లు నాటు వైద్యం, మాలిష్‌లు చేయించి ఆ తర్వాత పెద్దాస్పత్రికి వచ్చేవాళ్లకు ఈ దారి దాదాపు మూసుకుపోయి ఉంటుంది.

జీబీఎస్‌లో ఇద్దరు, రెండు దారులు

1916లో ముగ్గురు ఫ్రెంచ్ వైద్యులు గిలాన్, బారీ, స్ట్రోల్ వివరించిన ఈ జబ్బు సాధారణంగా ఏటా లక్షకు ఒకరిద్దరికి వస్తుంది. ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకోదు. విరేచనాలు, జలుబు లాంటివి తగ్గిన ఒకటి నుంచి నాలుగు వారాల్లో మొదలవుతుంది. కలుషిత నీరు, సరిగా ఉడకని కోడిమాంసం ద్వారా వచ్చే క్యాంపైలోబాక్టర్ దీనికి బాగా తెలిసిన కారణం. ఆ బ్యాక్టీరియా పైపొరలోని చక్కెర అణువులు మన నరాల మీద ఉండే గాంగ్లియోసైడ్లు అనే కొవ్వు, చక్కెర కలిసిన అణువులను పోలి ఉంటాయి. బ్యాక్టీరియా కోసం తయారైన యాంటీబాడీలు పొరబడి నరాల మీద పడతాయి.

అవి మైలిన్ మీద పడితే తీగ తెగదు, తొడుగు ఊడుతుంది. సంకేతం దారిలో ఆగిపోతుంది. ష్వాన్ కణాలు మళ్లీ చుట్టుకోవడానికి వారాల నుంచి కొన్ని నెలలు చాలు. అవి నేరుగా ఆక్సాన్ మీద పడితే రెండు ఫలితాలు సాధ్యం. ఆక్సాన్ తెగకుండా అక్కడక్కడా మూగబోతే చాలా త్వరగా, ఒక్కోసారి రోజుల్లోనే, కోలుకుంటారు. కూలిపోతే మాత్రం పైన చెప్పిన మిల్లీమీటరు లెక్కే. ఒకే వార్డులో పక్కపక్క మంచాల మీద ఉన్న ఇద్దరి మధ్య తేడా ఇక్కడుంది.

అయిదు రోజులు ఇచ్చే ఇమ్యూనోగ్లోబులిన్, లేదా ప్లాస్మా మార్పిడి దాడిని ఆపుతాయి. పోయిన మైలిన్‌ను చుట్టవు, ఆక్సాన్‌ను పెంచవు. ఇంజెక్షన్లన్నీ అయిపోయినా కాలు లేవలేదంటే వైద్యం ఫెయిలయిందని కాదు. చికిత్స అందినా ఆరు నెలలకు అయిదుగురిలో ఒకరు సాయం లేకుండా నడవలేరన్నది అంతర్జాతీయంగా ఉన్న అంచనా. ఊపిరి తీసే కండరాలు బలహీనపడటమే ప్రాణాపాయం కాబట్టి మొదటి రెండు వారాల నిఘా చాలా ముఖ్యం.

వెన్నుపాములో ఎందుకు పెరగదు

చేతి నరం పెరిగినప్పుడు వెన్నుపాము ఎందుకు పెరగదన్నది ఈ రంగంలో అన్నిటికన్నా పాత ప్రశ్న. దీనికి ఒక కణం బాగా సాక్ష్యమిస్తుంది. వెన్నుపాము పక్కనే గాంగ్లియా అనే చిన్న ముద్దల్లో స్పర్శ కణాలుంటాయి. వీటిలో ఒక్కో కణం నుంచి రెండు కొమ్మలు వస్తాయి. ఒకటి చర్మానికి, రెండోది వెన్నుపాములోకి. కణదేహం ఒకటే, జన్యువులు అవే. చర్మం వైపు కొమ్మ కోస్తే తిరిగి పెరుగుతుంది. వెన్నుపాము లోపలి కొమ్మ కోస్తే పెరగదు. తప్పు కణంలో ఉందా, చుట్టుపక్కల ఉందా?

1981లో మాంట్రియల్‌లో శామ్యూల్ డేవిడ్, ఆల్బర్ట్ అగ్వాయో ఎలుక కాలి నరం ముక్కను వెన్నుపాముకు వంతెనలా అతికారు. ఎప్పటికీ పెరగవనుకున్న వెన్నుపాము కణాలు ఆ ముక్కలోకి దూరి దాదాపు మూడు సెంటీమీటర్ల దూరం పెరిగాయి. వంతెన అయిపోయి మళ్లీ వెన్నుపాములోకి దిగగానే ఆగిపోయాయి. పరిసరాలదే తప్పని అర్థమైంది. మెదడు, వెన్నుపాముల్లో మైలిన్ చుట్టేవి ష్వాన్ కణాలు కావు, ఆలిగోడెండ్రోసైట్లు. వీటి మైలిన్‌లో ఎదుగుదలను ఆపే అణువులున్నాయని 1988లో జ్యూరిక్‌లో మార్టిన్ ష్వాబ్ బృందం చూపించింది. వాటిలో ఒకటి నోగో-ఏ. గాయం తర్వాత ఈ మైలిన్ శిథిలాలు నెలలు, ఏళ్ల తరబడి అక్కడే పడి ఉంటాయి. శుభ్రం చేసేవాళ్లు తక్కువ. గాయం చుట్టూ చేరే కాండ్రాయిటిన్ సల్ఫేట్ అణువులు కూడా అడ్డుపడతాయి. వాటిని కరిగించే ఎంజైమ్ ఇస్తే ఎలుకల్లో కొంత కదలిక తిరిగొచ్చిందని 2002లో తేలింది.

అయితే అంతా పరిసరాల మీదకే నెట్టడం కుదరదు. పైన చెప్పిన రెండు కొమ్మల కణంలో, చర్మం వైపు కొమ్మను వారం ముందే కోసి ఉంచితే, ఆ తర్వాత వెన్నుపాము లోపల కోసిన కొమ్మ కూడా పెరగడం మొదలుపెడుతుందని 1999లో ఎలుకల్లో చూపించారు. మొదటి దెబ్బతో కణదేహంలో పెరుగుదల జన్యువులు మేల్కొంటాయి. అంటే మేల్కొన్న కణం చెడు పరిసరాల్లోనూ కొంత దూరం తోసుకుపోగలదు. 2008లో పీటెన్ అనే జన్యువును తీసేసినప్పుడు ఎలుక కంటి నరం పెరిగింది. కానీ పీటెన్ క్యాన్సర్‌ను ఆపే జన్యువు. మనుషుల్లో దాన్ని తీసేయడమంటే మరో ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడమే. గాయం చోట ఆస్ట్రోసైట్లు అనే సహాయక కణాలు కట్టే మచ్చ అడ్డుగోడ అని దశాబ్దాలుగా చెప్పుకున్నారు. 2016లో ఒక బృందం ఆ మచ్చ ఏర్పడకుండా చేస్తే పెరుగుదల మెరుగుపడలేదు, ఇంకా తగ్గింది. ఏ ఒక్క అడ్డు తీసినా సరిపోదన్నది ఇప్పటి అవగాహన.

పిండంలో సాధ్యమైంది పెద్దయ్యాక ఎందుకు కాదు

గర్భం ధరించిన నాలుగో వారానికే, మెదడు, వెన్నుపాముగా మారే నాడీ గొట్టం మూసుకుంటుంది. చాలామందికి గర్భం వచ్చిందని తెలిసేలోపే ఈ పని అయిపోతుంది. ఫోలిక్ యాసిడ్‌ను గర్భానికి ముందునుంచే వేసుకోమనడం అందుకే. అంతకుముందు నాడీ గొట్టం లోపంతో బిడ్డ పుట్టినవాళ్లలో అది మళ్లీ రావడాన్ని ఫోలిక్ యాసిడ్ 72 శాతం తగ్గించిందని 1991లో ఒక పెద్ద ట్రయల్ తేల్చింది.

ఆ తర్వాత కణాలు ఆక్సాన్లు చాస్తాయి. కొసన విచ్చుకున్న చిన్న చెయ్యిలాంటి గ్రోత్ కోన్ దారి వెతుక్కుంటూ పోతుంది. దీన్ని 1890లో స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ గుర్తించాడు. కణాలు అవసరానికి మించి పుడతాయి. గమ్యం నుంచి పోషక అణువు అందినవి బతుకుతాయి, మిగతావి చచ్చిపోతాయి. కోడిపిల్ల పిండంలో కదలిక కణాల్లో దాదాపు సగం ఇలాగే పోతాయి. అలాంటి పోషక అణువుల్లో మొదట దొరికిన ఎన్‌జీఎఫ్‌కు (నరాల పెరుగుదల కారకం) రీటా లెవి-మొంటాల్చిని, స్టాన్లీ కోహెన్ 1986లో నోబెల్ అందుకున్నారు.

ఇక్కడ సులువుగా మరిచిపోయే సంగతి ఒకటుంది. పిండంలో నరం ప్రయాణించాల్సింది కొన్ని మిల్లీమీటర్లే. అప్పటికే గమ్యానికి అతుక్కుని, ఆ తర్వాత కాలు పెరిగేకొద్దీ లాగబడుతూ మీటరు పొడవు సాగుతుంది. పెద్దయ్యాక తెగిన నరం ఆ మీటరంతా మొలకగా నడవాలి. గమ్యం చేరిన కణం పెరుగుదల జన్యువులను చాలావరకు కట్టేస్తుంది, సంకేతాలు మోయడానికే కుదురుకుంటుంది. జీబ్రాఫిష్‌లో అవి మళ్లీ తెరుచుకుంటాయి, తెగిన వెన్నుపాము రెండు నెలల్లోపే అతుక్కుంటుంది. మనిషికి ఆ అవకాశం లేదు.

కొస నుంచి చచ్చే నరాలు

దెబ్బ ఏమీ లేకుండానే నరం క్షీణించే జబ్బుల్లోనూ పొడవే నిర్ణయిస్తుంది. షుగర్‌లో రక్తనాళాలు, మైటోకాండ్రియా, రవాణా అన్నీ కొద్దికొద్దిగా దెబ్బతింటాయి. అన్నిటికన్నా పొడవైన ఆక్సాన్లు ముందు తట్టుకోలేవు. తిమ్మిరి కాలి వేళ్ల నుంచి మొదలై మేజోడులా పైకి ఎక్కుతుంది. అది మోకాలి దగ్గరికి వచ్చేసరికి చేతి వేళ్ల కొసల్లో మొదలవుతుంది, ఎందుకంటే మెడ నుంచి వేలి కొసకు, నడుము నుంచి మోకాలికి దూరం ఇంచుమించు ఒకటే.

న్యూరాలజిస్టులు మన దగ్గర తప్పకుండా అడిగే ప్రశ్న చెప్పు గురించి. నడుస్తుంటే చెప్పు జారిపోతోందా? జారినప్పుడు తెలుస్తోందా, లేక నాలుగడుగులు వేశాక చూసుకుంటున్నారా? తెలిసి జారితే కదలిక నరాల్లో, తెలియకుండా జారితే స్పర్శ నరాల్లో లోపం. ముఖం కడుక్కునేటప్పుడు కళ్లు మూసుకోగానే తూలిపడబోతున్నామంటే పాదాల నుంచి సమాచారం రావట్లేదని అర్థం.

మిర్చి, పత్తి పండే గుంటూరు ప్రాంతానికి సంబంధించిన ఇంకో కారణం ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు. వీటి తక్షణ విషప్రభావం అందరికీ తెలుసు. చెమటలు, నోట్లో నురగ, ఊపిరాడకపోవడం. అంతగా తెలియనిది, ఈ కుటుంబంలోని కొన్ని రసాయనాలు పెద్ద మోతాదులో శరీరంలోకి వెళ్తే ఒకటి నుంచి మూడు వారాల తర్వాత, మనిషి కోలుకున్నాడనుకున్నాక, పాదాలు పట్టు తప్పి వేలాడటం. ఇవి నరాల్లో వేరే ఎంజైమ్‌ను శాశ్వతంగా కట్టేస్తాయి, పొడవైన ఆక్సాన్లు కొస నుంచి కూలుతాయి. 1930లో అమెరికాలో ఇలాంటి రసాయనం కలిసిన అల్లం సారం తాగి వేలమంది కాళ్లు పడిపోయాయి. కాళ్లలోని నరాలు చాలావరకు తిరిగి పెరుగుతాయి. వెన్నుపాములోకి వెళ్లే పోగులు పోతే మాత్రం బిగుసుకుపోయిన నడక మిగిలిపోతుంది. కాలి నరానికీ వెన్నుపాముకూ మధ్య ముందు చెప్పిన తేడా ఇక్కడ ఒకే మనిషిలో కనిపిస్తుంది.

పార్కిన్సన్స్‌లోనూ కొసలే ముందు. డోపమైన్ తయారుచేసే ఒక్కో కణం మెదడులో లెక్కలేనన్ని కొమ్మలు వేసి ఉంటుంది. వాటన్నిటినీ పోషించడం భారం. వణుకు, బిగుసుకుపోవడం బయటపడేసరికి ఆ కొమ్మల్లో ఎక్కువ భాగం పోయి ఉంటాయి. అక్కడ తిరిగి పెరగడం లేదు కాబట్టి మందులు లోటును పూడుస్తాయే గానీ కణాన్ని తేలేవు.

అమ్మే ఆశలు

స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే వెన్నుపాము అతుక్కుంటుందన్న ప్రచారం దేశమంతా ఉంది. రక్త సంబంధ వ్యాధుల్లో వాడే రక్త మూలకణాల మార్పిడి తప్ప, మిగతా స్టెమ్ సెల్ వాడకమంతా ఆమోదిత ట్రయల్స్‌లో మాత్రమే జరగాలని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ట్రయల్‌లో రోగి దగ్గర డబ్బు తీసుకోరు. లక్షలు అడుగుతున్నారంటే అది ట్రయల్ కాదు.

విటమిన్ బిళ్లల సంగతి ఇంత సూటిగా ఉండదు. బీ12 లోపం నిజంగా మైలిన్‌ను, వెన్నుపాము వెనక భాగాన్ని దెబ్బతీస్తుంది. శాకాహారుల్లో, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడేవాళ్లలో ఈ లోపం ఎక్కువ. ఉన్నప్పుడు త్వరగా ఇస్తే కోలుకుంటారు. రక్తపరీక్షలో లోపం లేనివాళ్లకు తెగిన నరాన్ని అది వేగంగా పెంచుతుందన్న గట్టి ఆధారం లేదు. అదే స్ట్రిప్‌లో సాధారణంగా ఉండే బీ6 విషయంలో జాగ్రత్త కూడా అవసరం. రోజుకు గ్రాముల లెక్కన బీ6 మింగినవాళ్లు స్పర్శ కోల్పోయి నడవలేని స్థితికి చేరారని 1983లోనే వైద్య పత్రికల్లో వచ్చింది. తక్కువ మోతాదు కూడా నెలల తరబడి వాడితే కొందరిలో ఇబ్బంది పెట్టింది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో పెద్దలకు గరిష్ఠ పరిమితిని రోజుకు 12 మిల్లీగ్రాములకు తగ్గించింది. బీ6 ఎక్కువైతే దెబ్బతినేది ఆ గాంగ్లియాల్లోని రెండు కొమ్మల స్పర్శ కణాలే. వాటి కణదేహమే పోతే ఇక మొలక వేసే కణం ఉండదు. అరికాళ్ల మంటలకు షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్లలు ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లు స్ట్రిప్ వెనక బీ6 ఎన్ని మిల్లీగ్రాములుందో ఒకసారి చదివి, దాన్ని డాక్టరుకు చూపించడం మేలు.